అట్టకట్టిన ఆఫ్రో జుట్టు: గొరిగించే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీ పాపకు తొమ్మిదేళ్లు. తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, జుట్టు అచ్చంగా తండ్రి పోలిక. సన్నజడలు వేయించిన ఏడు వారాలకు అపెండిక్స్ పగిలి, మరో మూడు వారాలు ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఇంటికి వచ్చాక జడలు విప్పి, చెమటా మందుల వాసనా పోవాలని షాంపూతో బాగా రుద్ది తలంటారు. ఆరేసరికి వెనక తలంతా అరచేయి వెడల్పున అట్ట కట్టుకుపోయింది. సెలూన్‌లో చూసినవారు గొరగడం తప్ప దారి లేదన్నారు. విజయవాడ నుంచి మీ అమ్మగారు ఫోను చేసి, గుండు చేయించండి, తిరుపతి మొక్కు కూడా తీరుతుంది అన్నారు. పాప మాత్రం అద్దం ముందుకు రావడం మానేసింది.

గొరిగించకండి. మీరు రాసిన వివరాలను బట్టి ఆ జుట్టులో చాలా భాగం దక్కుతుంది.

నేను హ్యూస్టన్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. లైసెన్సు చదువుకుని తెచ్చుకున్నాను గానీ, పని నేర్చుకున్నది ఒక నల్లజాతి పెద్దావిడ సెలూన్‌లో. చేరిన మొదటి వారంలోనే ఆవిడ నా చేతిలో దువ్వెన పెట్టి, కళ్లు మూసుకుని దువ్వమన్నారు. వెంట్రుక తెగితే చిటుక్కుమంటుంది, చిక్కు విడిపోతే ఏమీ వినపడదు, కాబట్టి ఈ పని చెవితో చేయాలి అన్నారు. ఈ సమాధానంలో మిగతాదంతా మరిచిపోయినా ఆ మాట ఒక్కటి గుర్తుంచుకోండి.

ముందు ఆ అట్టలో ఏముందో తెలియాలి, తెలిస్తే సగం భయం పోతుంది. ఎవరి తల నుంచైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. మన తిన్నని జుట్టులో అవి జారి దిండు మీదో దువ్వెనలోనో కనపడతాయి. మీ పాప జుట్టు అలా కాదు. ఆ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, రిబ్బనులా నొక్కినట్టు ఉంటుంది. కుదురే వంపు తిరిగి ఉండటం వల్ల బయటికి వస్తూనే స్ప్రింగులా చుట్టుకుంటుంది. రాలిన వెంట్రుక పక్కనున్న చుట్టలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. జడల్లో ఉన్నప్పుడైతే బయటికి వచ్చే దారే లేదు. లెక్క వేయండి: పది వారాలంటే 70 రోజులు, రోజుకు 50 చొప్పున 3,500 వెంట్రుకలు. తల మీద ఉండే సుమారు లక్షలో అది మూడు, నాలుగు శాతం. అంటే ఆ అట్టను బిగించి పట్టుకున్నది చాలావరకు ఎప్పుడో రాలిపోయిన జుట్టే. బతికున్న కుదుళ్ల జుట్టును అది బందీ చేసింది. మన పని ముడి విప్పడం కంటే, రాలిన వెంట్రుకలను మధ్యలోంచి ఒక్కొక్కటిగా బయటికి తీయడం. పని ముగిసేసరికి టెన్నిస్ బంతి అంతో, ఇంకా పెద్దదో జుట్టు ఉండ పోగవుతుంది. దాన్ని చూసి పాప ముందు గుండె బాదుకోకండి. అది ఈ రోజు రాలిన జుట్టు కాదు.

తలంటిన తరువాత ఎందుకు గట్టిపడిందని అడిగారు. వెంట్రుక పైపొరలో పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొలుసులుంటాయి. వాటి అంచులు కుదురు నుంచి కొస వైపు చూస్తుంటాయి. రాలిన వెంట్రుక తలకిందులై పక్కదానికి ఎదురుగా పడుకుంటే రెండింటి పొలుసులూ కొక్కేల్లా తగులుకుంటాయి. ముందుకు జారతాయి, వెనక్కి రావు. ఉన్ని స్వెటరును వేడినీళ్లలో వేసి రుద్దితే కుంచించుకుపోయి మందపు గుడ్డలా తయారవడం మీరు చూసే ఉంటారు, ఇక్కడా జరిగింది అదే. నీళ్లు తగలగానే ఆఫ్రో జుట్టు తన అసలు చుట్టలోకి ముడుచుకుంటుంది. రుద్దడంతో రాపిడి తోడైంది. జడ మొదట్లో పేరుకున్న నూనె జిడ్డు, చుండ్రు, దూది పీచు కలిసి జిగురులా పని చేశాయి. జడలు విప్పాక ఆ జిడ్డును వేళ్లతో విడదీసి, రాలిన జుట్టంతా దువ్వి తీసేసిన తరువాతే నీళ్లు తగలనివ్వాలి. మీకది ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో తలకు నూనె పెట్టి, కుంకుడుకాయతో రుద్ది, ఆరాక చిక్కు తీయడం అలవాటు. ఆ వరస తిన్నని జుట్టుకు సరిపోతుంది, ఈ జుట్టుకు తిరగేయాలి. ఇందులో మీ నిర్లక్ష్యం ఏమీ లేదు.

ఇంకో మాట. వారాల తరబడి వెనక తల దిండుకు ఆనించి పడుకుంటే ఏ జుట్టయినా ఇలా కట్టుకుపోవచ్చు. కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లో ఇలాంటి అట్టను ఎల్లమ్మ జట అని, కత్తిరిస్తే అరిష్టమని నమ్మి, ఆడపిల్లలను దేవదాసీలుగా ఇచ్చి వాళ్ల బతుకులే మార్చేశారు. జరిగిందల్లా రాపిడి, తేమ, కదలిక లేకపోవడం, అంతే. జుట్టును తాళ్లలా చుట్టి, కావాలని శ్రద్ధగా పెంచుకునే లాక్స్ సంగతి పూర్తిగా వేరు, వాటిని దీనితో కలిపి మాట్లాడకండి.

మొదలుపెట్టే ముందు మాడు చూడాలి. చెవుల వెనక, మెడ మీద, అట్ట అంచుల కింద వేలు పోయినంతవరకు మంచి వెలుతురులో చూడండి. పుండ్లు, చీము, చెడు వాసన, తాకితే భరించలేని నొప్పి ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. మంచం పట్టినవాళ్లకు వెనక తల మీద ఒత్తిడి పుండు ఏర్పడవచ్చు, అట్ట దాన్ని కప్పేస్తుంది. గుండ్రటి మచ్చలా జుట్టు మొదలంటా విరిగి, పొట్టు రాలుతుంటే అది తామర కావచ్చు. పిల్లల్లో అది మామూలే గానీ పైపూతలతో, షాంపూలతో తగ్గదు, నోటి ద్వారా మందు వాడాలి. ఇవేవీ లేకపోతే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. పెద్ద పళ్ల దువ్వెన ఒకటి. ఎలుకతోక దువ్వెన అంటాం, సన్నటి పొడుగు పిడి ఉన్నది ఒకటి, పిడి కొస మొనదేలకుండా నున్నగా ఉండాలి. డజను క్లిప్పులు, నీళ్లు చిమ్మే సీసా, పాత తువ్వాళ్లు. వీటన్నిటికంటే ముఖ్యం కండిషనర్. ఖరీదు చూడకండి, సీసా వెనక చదవండి. బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్ అనే పేర్లలో ఏదో ఒకటి మొదటి నాలుగైదు పదార్థాల్లో ఉండాలి. వీటికి ధన విద్యుదావేశం ఉంటుంది. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఎక్కువ. అందుకే దెబ్బ తగిలిన చోటికే వెళ్లి అంటుకుని, పొలుసులను నున్నగా కప్పి, జారేలా చేస్తాయి. ఇంత అట్టకు లీటరు సీసా పూర్తిగా అయిపోయినా ఆశ్చర్యపోకండి. పిసినారితనం చూపిస్తే ఆ నష్టం జుట్టుకే.

నూనె సంగతి. కొబ్బరినూనె వాడండి. వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు ప్రోటీను పోకుండా కాపాడుతుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. వాళ్లు పోల్చి చూసిన పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. గది చల్లగా ఉంటే అది గడ్డకడుతుంది, గోరువెచ్చగా చేసి పోయండి. ఆలివ్ నూనె కూడా ఫరవాలేదు. ఆముదం మాత్రం వద్దు. నల్లజాతి ఇళ్లలో జమైకా ఆముదానికి, మన ఇళ్లలో వంటాముదానికి ఎంత మంచి పేరున్నా, అది చిక్కటి జిగట నూనె. ఆముదం రాసి తలంటుకున్న ఒక యువతికి ఉన్నట్టుండి జుట్టంతా అట్టకట్టిన ఉదంతం 2017లో జుట్టు వైద్యుల పత్రికలో వచ్చింది. అట్ట ఉన్న తలకు దాన్ని చేర్చకండి.

ఇక పని. మళ్లీ చెబుతున్నాను, ముందుగా తలంటవద్దు. జుట్టు పొడిగా ఉండగానే అట్టకు నూనె పట్టించండి. పైన పూస్తే లోపలికి చేరదు. అట్టను వేళ్ల మధ్య పట్టుకుని స్పంజిని నొక్కినట్టు మెల్లగా నొక్కుతూ వదులుతూ, అన్ని వైపుల నుంచీ లోపలికి దిగేలా చేయండి. ప్లాస్టిక్ టోపీ పెట్టి, గోరువెచ్చని తువ్వాలు చుట్టి ఒక గంట ఉంచండి. తరువాత దాని మీదే కండిషనర్ చేతినిండా తీసుకుని అదే పద్ధతిలో నొక్కండి. జారడానికి అవసరమైతే కొద్దిగా నీళ్లు చిమ్మండి. తల తడవకూడదు, కండిషనర్ పలచబడితే చాలు.

ముందు అట్ట లేని జుట్టును నాలుగైదు పాయలుగా తీసి, దువ్వి, వదులుగా మెలిపెట్టి క్లిప్పులతో పక్కకు కట్టేయండి. అప్పుడు అట్ట ఒక్కటే ఎదురుగా ఉంటుంది. మెడ దగ్గర, కింది అంచున మొదలుపెట్టండి. మధ్యలోకి ఎప్పుడూ దూరకండి. అంచున చిటికెన వేలంత భాగాన్ని రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని, దూది పింజను విడదీసినట్టు అటూ ఇటూ లాగండి. పైకీ కిందికీ లాగితే మాడు నొప్పి పెడుతుంది, పక్కలకు లాగితే పెట్టదు. అక్కడ సందు కనపడుతుంది, సాలెగూడులా సన్నటి వెంట్రుకలు అడ్డంగా సాగి ఉంటాయి. ఎలుకతోక దువ్వెన పిడిని ఆ సందులోకి, అంచు నుంచి అర సెంటీమీటరుకు మించకుండా దూర్చి బయటి వైపుకు లాగండి. నాలుగు వెంట్రుకలు వస్తాయి. మళ్లీ నాలుగు. వాటిలో కొన్ని పూర్తిగా ఊడి చేతిలోకి వస్తాయి, కొసన చిన్న తెల్లని గుండుసూది తల లాంటిది ఉంటే అవి ఎప్పుడో రాలినవే. ఆ తెల్ల చుక్క లేకుండా పొట్టి ముక్కలు వస్తుంటే మీరు తెంపుతున్నారు. ఆపి, మరింత కండిషనర్ పెట్టి, ఐదు నిమిషాలు ఆగండి.

ఒక పాయ విడివడిందనిపించాక, దాని కుదురు దగ్గర ఎడమ చేత్తో గట్టిగా పట్టుకోండి. లాగుడు బరువు మీ పిడికిలి మీద పడాలి, పాప మాడు మీద పడకూడదు. కుడి చేత్తో పెద్ద పళ్ల దువ్వెనను ముందు కొసల్లో, తరువాత రెండు అంగుళాలు పైన, చివరికి కుదురు నుంచి, అలా మెట్లు ఎక్కినట్టు పైకి వెళ్లండి. చిటుక్కుమంటే ఆగాలి. పూర్తయిన పాయను రెండు పాయల మెలికగా వేసి క్లిప్పు పెట్టండి, లేకపోతే మళ్లీ వెళ్లి అట్టలో కలుస్తుంది.

గంటకు ఎంత అవుతుందో ముందే చెబుతాను, నిరుత్సాహం కలగకుండా. మొదటి గంటలో అగ్గిపెట్టె అంత చోటు విడిపోతే బాగా చేసినట్టు. నా దగ్గరికి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయికి రెండు రోజుల్లో పదకొండు గంటలు పట్టింది. నెలల తరబడి మంచం దిగలేని దిగులుతో ఉండి, టోపీ తీయకుండానే లోపలికి వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నానికి ఎడమ చెవి వెనక ఒక్క పాయ వచ్చింది. దాన్ని కడిగి ఆమె చేతికి అందించాను. పాయ కొస పట్టుకుని లాగి వదిలింది. అది స్ప్రింగులా పైకి లేచింది. మళ్లీ లాగింది. అలా చాలాసేపు లాగుతూ వదులుతూ కూర్చుంది. మరునాడు టోపీ లేకుండా వచ్చింది. మీ పాపకు కూడా మొదట విడివడిన పాయను ముందు అద్దంలో చూపించకండి, చేతికి ఇవ్వండి.

తొమ్మిదేళ్ల పిల్లను ఏకబిగిన కూర్చోబెట్టలేరు. ముప్పావుగంట పని, పావుగంట విరామం, రోజుకు మూడు నాలుగు గంటలకు మించవద్దు. మూడు నాలుగు రోజులు పడుతుంది. రాత్రికి మిగిలిన అట్టకు మళ్లీ నూనె పట్టించి శాటిన్ టోపీ పెట్టి పడుకోబెట్టండి. ఎండిన కండిషనర్ మరునాడు నీళ్లు చిమ్మితే మళ్లీ జారుతుంది. మధ్యలో కడగవద్దు. ఆపరేషన్ గాయం పచ్చిగా ఉంటే ముందుకు వంగి కూర్చోవడం కష్టం, దిండు ఒడిలో పెట్టి పక్కకు తిరిగి పడుకోనివ్వండి. ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపుతానని మాటివ్వండి, నిజంగానే ఆపండి. వారాల తరబడి ఎవరెవరో సూదులు గుచ్చిన పిల్ల ఆమె. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని ఆమెకు తెలియడం జుట్టు కంటే నాకు ముఖ్యం.

మధ్యలో ఒక చోట రాయిలా గట్టి ముద్ద తగలవచ్చు, నూనె కూడా దిగదు. అక్కడ కత్తెర వాడతాం, అయితే అడ్డంగా కాదు. జుట్టు పెరిగే దిక్కులోనే, మాడుకు రెండు వేళ్ల దూరం నుంచి కొసల వైపుకు, ముద్దను నిలువుగా రెండు మూడు చీలికలు చేస్తాం. కొన్ని వెంట్రుకలు పోతాయి, మిగతావి వదులవుతాయి. ఇది మీరు చేయవద్దు. అట్ట లాగడం వల్ల మాడు చర్మం కూడా పైకి లేచి ఉంటుంది, కత్తెరకు ఏది జుట్టో ఏది చర్మమో తెలియదు. అక్కడిదాకా మీరు తెచ్చుకుని, ఆ ఒక్కదాని కోసం సహజ ఆఫ్రో జుట్టు మీద రోజూ పని చేసేవారి దగ్గరికి వెళ్లండి. ఫోనులోనే అడగండి: అట్టకట్టిన జుట్టు ఇంతకుముందు తీశారా, గంటకు ఎంత తీసుకుంటారు, పిల్లతో విరామాలకు ఒప్పుకుంటారా. మొదటి ప్రశ్నకే గొరిగేద్దాం అనేవారిని వదిలేయండి. మీరుంటున్న డల్లాస్‌లో ఈ పని తెలిసినవారు ఎందరో ఉన్నారు, మీరు వెళ్లిన సెలూన్‌కు తెలియకపోయి ఉండవచ్చు.

కత్తిరించడం తప్పని చోట్లూ ఉన్నాయి. పుండు ఉన్నప్పుడు, రంగు తీసే మందుతో ముందే పాడై తాకితే పొడిపొడి అవుతున్నప్పుడు, లేదా పాపే చాలమ్మా, కత్తిరించేయి అన్నప్పుడు. ఆ మాట తన నోటితో, ఏడుపు లేకుండా చెబితే గౌరవించండి. మీ అమ్మగారితో మాత్రం ఒకటి చెప్పండి: తలనీలాలు భక్తితో ఇచ్చేవి, దువ్వలేక వదిలించుకునేవి కావు. మొక్కు ఉంటే పాప కోలుకున్నాక, తనకు ఇష్టమైతే, అందరూ కలిసి కొండకు వెళ్లి తీర్చుకోవచ్చు.

అంతా విడిపోయాక తలంటు. మెలికలు విప్పకుండా, గోరువెచ్చని నీళ్లతో, జిడ్డు బాగా వదిలించే షాంపూ ఒక్కసారి. వేలి కొనలతో మాడు మీదే రుద్దండి. జుట్టును నడినెత్తికి చేర్చి నురుగు చేయవద్దు, కిందికి జారే నురుగే కొసలకు సరిపోతుంది. తరువాత ఒక్కొక్క మెలికే విప్పి కండిషనర్ పెట్టి, మళ్లీ దువ్వి, మళ్లీ మెలిపెట్టండి. ఆపైన డీప్ కండిషనర్ 20 నుంచి 30 నిమిషాలు, ప్లాస్టిక్ టోపీ కింద. టర్కీ తువ్వాలుతో తుడవకండి, పాత నూలు టీషర్టుతో అద్దండి.

పాడైన జుట్టును బాగు చేయడం గురించి నిజం చెప్పాలి. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, అది మానదు. ఏ సీసా మీద ఏమి రాసినా, మనం చేయగలిగింది పొలుసులను కప్పి, తేమ నిలిపి, ఇంకా తెగకుండా చూడటమే. ఒక తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య మెల్లగా సాగదీయండి. సాగి వెనక్కి వస్తే బాగుంది. సాగి అలాగే వేలాడిపోతే గోధుమ ప్రోటీనో కెరటినో ఉన్న కండిషనర్ నెలకు ఒకసారి పెట్టండి. సాగకుండానే పుటుక్కుమంటే దానికి కావలసింది తేమ, ప్రోటీను పెడితే ఇంకా బిరుసెక్కుతుంది. సెలూన్లలో చేతి అంచనాకు వాడే పరీక్ష ఇది, నాకు బాగా పనికొచ్చింది. కొసలు ఒక సెంటీమీటరు కత్తిరించాలి, కానీ అదే రోజు వద్దు. అట్టలోంచి బయటపడిన రోజున కత్తెర చూస్తే ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఊహించండి. వారం ఆగండి.

ఆఫ్రో జుట్టు నెలకు ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువగానే పెరుగుతుంది. ఏడాదికి పది సెంటీమీటర్లు అనుకున్నా, చుట్టుకుపోవడం వల్ల కంటికి అందులో సగం కూడా కనపడదు. కాబట్టి పొడవు కొలవకండి. దువ్వెనలో వచ్చే తెగిన ముక్కలు వారం వారం తగ్గుతున్నాయా అన్నదే చూడండి. ఇంకో హెచ్చరిక: పెద్ద జబ్బు, జ్వరం, ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు కుదుళ్లతో సహా జుట్టు ఎక్కువగా రాలడం మామూలు. మీ పాపకు అది ఇంకొన్ని వారాల్లో మొదలుకావచ్చు. చిక్కు తీయడం వల్లే ఇలా అయిందని కంగారుపడకండి, చాలామందికి ఆరు నెలల్లో సర్దుకుంటుంది. కణతల దగ్గర, నుదుటి అంచున పలచబడితే మాత్రం అది బిగుతు జడల వల్ల కావచ్చు, ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడికి చూపించండి. మొదట్లో పట్టుకుంటే తిరిగి వస్తుంది, ఏళ్లు గడిస్తే కుదుళ్లే మూసుకుపోతాయి.

ఇక మీదట: 7 నుంచి 10 రోజులకు ఒక తలంటు. కండిషనర్ లేకుండా దువ్వెన తాకకూడదు. కడిగాక తేమ పోకముందే లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), పైన పలచగా నూనె. తైలగ్రంథుల జిడ్డు ఈ వంపులన్నీ దిగి కొసల దాకా చేరలేదు, ఆ పని మీరు చేయాలి. తరువాత వదులుగా రెండు పాయల మెలికలు వేసి వారం వదిలేయండి. కృత్రిమ జుట్టు కలిపే జడలు రెండు మూడు నెలల దాకా వద్దు, ఆ తరువాత వేసినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో విప్పేయాలి. నూలు గలీబు తేమను పీల్చి, పొలుసులను గీరుతుంది, కాబట్టి శాటిన్ గలీబు, శాటిన్ టోపీ రెండూ ఉంచండి. పిల్లలకు రాత్రిళ్లు టోపీ ఊడిపోతుంది. జుట్టు తిన్నగా చేస్తే చిక్కే ఉండదని ఎవరో ఒకరు అంటారు. అలా తిన్నగా చేసే మందులైన రిలాక్సర్లలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్ లేదా గ్వానిడిన్ హైడ్రాక్సైడ్. వెంట్రుకకు బలమిచ్చే బంధాలనే తెంపే క్షారాలు అవి, మాడును కాల్చగలవు. ఇప్పుడిప్పుడే బతికి బయటపడిన జుట్టుకు, ఈ వయసు పిల్లకు, అసలు వద్దు.

మాటల గురించి కూడా చెప్పాలి, ఇది నా మనసుకు దగ్గరి విషయం. నేను పెరిగింది హైదరాబాదులో, మాసాబ్ ట్యాంకు పక్కన. రోడ్డు దాటితే ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద వెలసిన బస్తీ అది. ఆ సైనికుల వారసుల ఇంటి అమ్మాయి బడిలో నా బెంచీలోనే కూర్చునేది. ఆమె జుట్టును పీచు అనీ, చీపురు అనీ మేమంతా పిలిచేవాళ్లం. నేనూ పిలిచాను. వాళ్లమ్మ ఆదివారాలు గుమ్మంలో కూర్చోబెట్టి, కొబ్బరినూనె గిన్నె పక్కన పెట్టుకుని, ఒక్కొక్క పాయ ఎంత ఓపికగా తీసేదో చూసి కూడా పిలిచాను. ఆ తప్పు ఇప్పటికీ నన్ను వదల్లేదు. మీ ఇంట్లో ఫోనులోనైనా, సరదాకైనా ఎవరూ ఆ మాటలు అననివ్వకండి. పాపకు తెలుగు అర్థమవుతుంది కదా.

ఈ జుట్టును సిగ్గుపడేలా చేయడం ఇవాళ్టిది కాదు. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసలుగా తెచ్చినవారి దువ్వెనలు వాళ్ల ఊళ్లలోనే ఉండిపోయాయి. ఇక్కడ గొర్రె ఉన్ని దువ్వే ఇనుప దువ్వెనలతో తల దువ్వుకున్నారు. 1786లో లూసియానాలో స్పానిష్ గవర్నరు మీరో నల్లజాతి స్త్రీలు జుట్టుకు గుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞాపించాడు. సహజ జుట్టు పేరుతో బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం మొదట 2019లో కాలిఫోర్నియాలో వచ్చింది, టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. మెలికలు, జడలు, లాక్స్ మూడూ దాని రక్షణలో ఉన్నాయి. పాప బడికి వెళ్లాక ఎవరైనా జుట్టు పేరెత్తితే ఈ చట్టం పేరు చెప్పండి.

శస్త్రచికిత్స తరువాత పరీక్షలకు మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సి ఉందని రాశారు. రాత్రి ఉండాల్సి వస్తే బయలుదేరే ముందు జుట్టంతా ఎనిమిది పది లావుపాటి మెలికలుగా వేసి, రబ్బరు బ్యాండ్లు లేకుండా కొసలు వేలికి చుట్టి వదిలేయండి. సంచిలో శాటిన్ టోపీలు రెండు పెట్టుకోండి, ఒకటి పోతుంది. రెండు రోజులకోసారి తల పక్కలకు తిప్పి, వెనక మెలికలు వేళ్లతో విడదీసి, నీళ్లు కలిపిన కండిషనర్ చిమ్మమని నర్సును అడగండి. మీరే చేస్తానంటే వాళ్లు కాదనరు. ఆ పనికి పది నిమిషాలు చాలు.